ఫోన్ రాని రెండు గంటలు

మా రేడియో స్టేషన్ అనంతపురంలో ఒక బట్టల కొట్టు పైన, మూడో అంతస్తులో మొదలైంది. లిఫ్టు ఉండేది గానీ, దాన్ని నమ్ముకున్నవాళ్లెవరూ కార్యక్రమానికి వేళకు చేరలేదు. అందుకని మొదటి ఏడాది మేమంతా మెట్లెక్కి వచ్చి, మైకు ముందు ఆయాసపడుతూనే మాట్లాడాం. శ్రోతలు అదే మా స్టైల్ అనుకున్నారు. మేమూ కాదనలేదు.

పొద్దున భక్తి పాటలు, ఆ తర్వాత పది దాకా హుషారు పాటలు, కబుర్లు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు పాత పాటలు. సాయంత్రం కాలేజీ పిల్లలు అడిగినవి. మధ్యమధ్యలో బోరు బండ్ల ప్రకటనలు, కోచింగ్ సెంటర్ల ప్రకటనలు. మా ఊళ్లో చాలామందికి పాటల కన్నా బోరు బండ్ల ప్రకటనలే బాగా నోటికొచ్చు.

ఏ పాట వేయాలో మాత్రం హైదరాబాద్‌లోని హెడ్డాఫీసు చెప్పేది. అక్కడ నాలుగు చినుకులు పడితే చాలు, మాకు వాన పాటల జాబితా వచ్చేసేది. ఇక్కడేమో ఎండకు ఆకాశం తోమిన ఇత్తడి చెంబులా మెరుస్తూ ఉండేది. అప్పట్లో ఉదయం కార్యక్రమం నాది. ఒకరోజు తడిసి ముద్దయినదానిలా వాన గురించి ముద్దుముద్దుగా మాట్లాడుతుంటే గార్లదిన్నె నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు.

"ఏమమ్మా, వాన యాడ పడతాండాది? చెప్తే మేమూ పోయి చూసొస్తాం."

నాకు నవ్వు ఆగలేదు, సిగ్గూ వేసింది. అప్పటి నుంచి జాబితాలో వాన పాట ఉంటే కిటికీలోంచి ఒకసారి పైకి చూసి గానీ వేసేదాన్ని కాదు.

తర్వాత నన్ను మధ్యాహ్నానికి మార్చారు. ఆ రెండు గంటలంటే నాకు ప్రాణం. పాత పాటలు, వాటి మధ్య నాకు తోచిన కబుర్లు, చివర్లో ఒక పాట గురించి చిన్న ప్రశ్న. జవాబు తెలిసినవాళ్లు ఫోన్ చేసి చెప్పాలి. ఉదయం మోగి మోగి విసిగించే ఆ ఫోను మధ్యాహ్నం రెండయ్యేసరికి మూగబోయేది. ప్రశ్న నేనే అడిగి, జవాబు నేనే చెప్పుకుని ఇంటికి పోయేదాన్ని.

ఇది హెడ్డాఫీసు దాకా పోయింది. ఫోన్లు రావడం లేదంటే వినేవాళ్లు లేరని వాళ్ల లెక్క. ఈ నెల చూస్తాం, అప్పటికీ రాకపోతే ఆ రెండు గంటలు హైదరాబాద్ నుంచే పాటలు పంపిస్తాం అన్నారు. అంటే నా కార్యక్రమం పోతుంది, దానితో నేనూ పోతాను. నాకు మాట్లాడటం తప్ప వేరే పని రాదు.

మా సౌండ్ ఇంజనీరుకు ఒక ఉపాయం తట్టింది. మెట్ల మీద కూర్చుని తన సెల్లు నుంచి స్టేషన్‌కు ఫోన్ చేసేవాడు. ఒకరోజు కదిరి అంగడాయన, ఇంకో రోజు మడకశిరలో గొర్రెలు మేపే ఆయన. గొంతు మార్చడంలో తనంత వాడు లేడని అతని నమ్మకం. "ఎట్టుంది అక్కా?" అని గాజు తలుపు అవతల నుంచి సైగ చేసేవాడు. బాగుందని నేనూ బొటనవేలు చూపేదాన్ని. తప్పని తెలుసు. నా రెండు గంటలు నిలబడాలన్న ఆత్రంలో తప్పు కూడా సరదాగానే అనిపించింది.

ఆ నెలలోనే ఒక ఆదివారం, మా చిన్నాన్న కూతురి పెళ్లికి పట్టుచీర కొందామని అమ్మా నేనూ ధర్మవరం పోయాం. ఆదివారం కార్యక్రమం మా దొంగ ఫోన్లతో సహా ముందే రికార్డు చేసి పెడతాం కాబట్టి నాకు సెలవు. నేతగాళ్ల వీధిలోకి తిరిగామో లేదో, నా గొంతే నాకు ఎదురొచ్చింది. ఒక ఇంట్లోంచి, పక్కింట్లోంచి, ఎదురింట్లోంచి. మగ్గాల చప్పుడు మధ్య నా కబుర్లు వీధి పొడుగునా వినిపిస్తున్నాయి. సంతోషంతో నా కాళ్లు నేల మీద నిలవలేదు.

మేం చీర చూడబోయిన ఇంట్లో భార్యాభర్తలిద్దరూ చెరో మగ్గం మీద ఉన్నారు. గూట్లో రేడియో. సరిగ్గా అప్పుడే మా మడకశిర ఆయన లైన్లోకి వచ్చాడు.

ఆమె తల ఎత్తకుండానే భర్తతో అంది. "మళ్లా వచ్చినాడు చూడు గొర్రెలాయన. మా చెల్లెలు మడకశిరలోనే ఉండాది. ఆడ అన్నీ కన్నడం స్టేషన్లే. ఈ రేడియో ఆడ పలకనే పలకదు."

"కదిరి అంగడాయనా, ఈయనా ఒకడే," అన్నాడు ఆయన. "నవ్వితే తెల్సిపోతాది."

నేను మెల్లగా అమ్మ వెనక్కి జరిగాను. అమ్మకు ఇదేమీ అర్థం కాలేదు. మురిసిపోతూ, "ఆ రేడియోలో మాట్లాడేది మా పాపేనమ్మా!" అనేసింది.

రెండు మగ్గాలూ ఆగిపోయాయి. ఇద్దరూ నన్ను కింది నుంచి పైదాకా చూశారు. నా తల కొట్టేసినట్టయింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఇంత బాగా వింటారు కదా, ఒక్కరోజైనా ఫోన్ చేయలేదేం?" అని అడిగాను. అడిగాక నాకే పౌరుషం పొడుచుకొచ్చింది. మీరు చేసి ఉంటే నాకీ దొంగ వేషాలెందుకు అన్నంత కోపం.

ఆమె పోగు దూర్చే నాడె పట్టుకున్న చెయ్యి పైకెత్తి చూపించింది. "యా చేత్తో చేద్దును? కాళ్లు కూడా ఖాళీ లేవు. ఫోనని లేస్తే పువ్వు కాడ లెక్క తప్పుతాది, మళ్లా అంతా ఇప్పాల. నువ్వు అడిగిండేదానికి జవాబు మేం ఈన్నే చెప్పుకుంటాంలే. ఈ వీధిలో అందరూ చెప్పుకుంటారు."

ఎవరూ లేరని ఏడ్చిన రెండు గంటలూ ఇంతమంది నాకు జవాబులు చెబుతూనే ఉన్నారన్నమాట. నాకు వినపడలేదంతే.

సోమవారం మైకు ముందు కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇన్నాళ్లూ మీరు విన్న ఫోన్లు దొంగవి, మా ఇంజనీరే చేశాడు, చేయించింది నేను, తప్పయింది. నెలాఖరు తర్వాత ఈ కార్యక్రమం ఉండకపోవచ్చు. మగ్గం మీద ఉన్నవాళ్లు మాత్రం నా కోసం దయచేసి లేవద్దు. గాజు తలుపు అవతల ఇంజనీరు రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

మంగళవారం ప్రశ్న అడిగి పాట వేయబోతుంటే ఫోన్ మోగింది. నేను ఇంజనీరు వైపు ఉరిమి చూశాను. అతను తన సెల్లు బల్ల మీద పెట్టి, నేను కాదని చేతులూపాడు.

"ధర్మవరం నుంచమ్మా. ఈపొద్దు మా ఇంటి వంతు," అంది ఒక ముసలి గొంతు.

"ఏం వంతు, పెద్దాయనా?"

"ఫోన్ చేసే వంతు. రోజూ వీధికొక ఇల్లు మగ్గం నిలిపేటట్టు నిన్న రాత్రి మాట్లాడుకున్నాం."

"మగ్గం ఆపొద్దన్నాను కదా!"

"నువ్వంటే మేం ఇంటామా? ఎవరూ లేనట్టు నువ్వు ఆ దొంగాయప్పతో మాట్లాడుకుంటా నవ్వుతాంటే మాకు బాధయ్యేది తల్లీ. సరే, జవాబు చెప్తా, ఇను."

ఆయన చెప్పాడు. అది ఒప్పో తప్పో నాకు తెలియలేదు. కళ్లనిండా నీళ్లు, నేనడిగిన ప్రశ్నేమిటో నాకే గుర్తు లేదు. రేడియోలో మౌనం కన్నా పెద్ద తప్పు లేదంటారు. ఆ రోజు అనంతపురం చుట్టుపక్కల రేడియోలన్నిటిలో కొన్ని క్షణాల పాటు ఏమీ వినిపించలేదు.

"ఏమ్మా, ఉండావా?" అన్నాడాయన. "ఏడ్చింది చాల్లే. జల్దీ పాట ఎయ్యి, మగ్గం నిలిచిపోయిండాది."

నేను పాట వేశాను. అప్పటికే రెండో లైను మోగుతోంది.