సర్దార్‌బీ చేవ్రాలు

మిరప తొడిమలు తీసీ తీసీ సర్దార్‌బీ వేళ్లు ఎప్పుడూ ఎర్రగా మండుతుండేవి. ఏది ముట్టుకోవాలన్నా ముందు కొంగుకు రెండుసార్లు తుడుచుకునేది. సాగర్ కాలువ తవ్వకంలో పోయిన చేనుకు సర్కారు పరిహారం చెక్కు భర్త హయాత్ పేరున వచ్చింది. అప్పటికి హయాత్ పోయి ఆరు నెలలు.

"హయాత్ ముద్రేనని రాసుకుంటా, నువ్వే వేలు వెయ్యి. ఎవరు చూడొచ్చారు?" అంటూ కరణం సిరా ప్యాడు జరిపాడు.

"మా ఆయన వేలిముద్రల మనిషి కాదండీ! రాత్రి బడికెళ్లి సంతకం నేర్చినోడు," అని చెక్కు తిప్పి పంపించేసింది.

ఆ ఏడాదంతా కల్లంలో కూర్చుని, తొడిమతో మట్టిలో అక్షరాలు దిద్దుకుంది.

మళ్లీ చెక్కొచ్చింది, ఈసారి ఆమె పేరున. కరణం అలవాటుగా ప్యాడు జరిపాడు. సర్దార్‌బీ వేళ్లు కొంగుకు రెండుసార్లు తుడుచుకుంది.

"కలం ఇవ్వండి," అంది.