టెలిఫోన్ డ్యూటీ

అక్టోబరు రెండో వారంలో, మధ్యాహ్నం రెండుంబావుకి పోస్టు చేరాం. కింద క్యాంపు నుంచి ఆరు గంటల నడక. ఎత్తు తొమ్మిది వేల అడుగులు. వీపు మీద ఇరవై రెండు కిలోల బరువు, చేతిలో తుపాకీ. మంచు ఇంకా పడలేదు కానీ రాళ్లన్నీ తడిగా ఉన్నాయి. మొత్తం పదకొండు మందిమి. పడుకోవడానికి రెండు బంకర్లు, ఒక మోర్టారు గుంట, ఒక వంటపాక, చివర్లో మనిషి నిలబడితే తల తగిలే టెలిఫోన్ బంకరు. ఎదురుగా లోయ. లోయకి అవతల శత్రువుల పోస్టు.

పోస్ట్ కమాండరు సుబేదార్ సాబ్ మమ్మల్ని వరసగా నిలబెట్టి హిందీలో మూడే మాటలు చెప్పాడు. పగలు తల ఎత్తొద్దు. పొయ్యి పొగ బయటికి రానివ్వొద్దు. మూడోది నాకు సగమే వినబడింది.

"ఏటన్నాడ్రా?" అని పక్కనున్న లైన్‌మన్‌ని అడిగాను.

"ఫోను మోగితే బేగి ఎత్తాలంట బావా. రెండో మోత దాటకూడదంట."

లైన్‌మన్ అంటే ఫోను తీగ ఎక్కడ తెగితే అక్కడికి వెళ్లి అతికే మనిషి. అతనిది సంతబొమ్మాళి వైపు సముద్రం ఒడ్డు ఊరు, చేపలు పట్టే కుటుంబం. నాది నరసన్నపేట దగ్గర, వరి పండించే ఇల్లు. మా ఊళ్లలోనే ఉండిపోయి ఉంటే ఒకరి మొహం ఒకరికి తెలిసేది కాదు. పటాలంలో మా యాస మాట్లాడేవాడు మరొకడు లేడు కనుక మొదటి రోజే నన్ను బావా అన్నాడు. ఏ వరసరా అని అడిగితే, "నీది వరన్నం, నాది ఉప్పుసేప. అంతకంటే దగ్గిర సుట్టరికం ఏటుంటాది?" అన్నాడు.

నా చెవుల సంగతి చెప్పాలి. నేను మోర్టారు మీద నంబర్ టూని. గొట్టంలో బాంబు వదిలేది నేనే. వదిలి తల వంచాలి. ఆరేళ్లు అదే పని. చెవుల్లో పెట్టుకోవడానికి మెత్తటి బిరడాలు ఇస్తారు. మాలో ఎవరూ పెట్టుకునేవాళ్లు కాదు. పెట్టుకుంటే ఫైర్ ఆర్డరు సరిగా వినబడదు, ఆర్డరు తప్పు విన్నవాడి కంటే చెవిటివాడే నయం అనుకునేవాళ్లం. వినడం కోసమే చెవులు తెరిచి ఉంచి ఆ చెవులే పోగొట్టుకున్నాం. మా తెలివి అలా తెల్లారింది.

మొదట్లో ఫైరింగ్ అయిన రోజు చెవులు దిబ్బడ వేసి మర్నాటికి విడిచేవి. తర్వాత రెండు రోజులు పట్టేది. ఆ తర్వాత విడవడం మానేశాయి. ఎడమ చెవిలో సన్నటి మోత ఒకటి మొదలైంది. ఇలకోడి అరిచినట్టు ఉండేది. ఏడాది గడిచేసరికి దూరంగా ఎవరో గంట కొడుతున్నట్టు తయారైంది. నిద్రలో తప్ప ఆగేది కాదు.

పైకి పంపేముందు అందరికీ వైద్య పరీక్ష చేస్తారు. చెవికి పరీక్ష ఇదీ: ఇరవై అడుగుల దూరంలో డాక్టరు వైపు వీపు పెట్టి నిలబడాలి. ఆయన గుసగుసగా అంకెలు చెబుతాడు. విని పైకి చెప్పాలి. చెప్పలేకపోతే కేటగిరీ తగ్గిస్తారు. కేటగిరీ తగ్గితే పోస్టు లేదు, హవల్దారు చారలూ లేవు. నా వంతుకి ముందు లైన్‌మన్ పరీక్ష అయిపోయింది. వెళ్లిపోకుండా గుమ్మం దగ్గర, సరిగ్గా నా కళ్లెదుట, బూటు తాడు కట్టుకుంటూ కూర్చున్నాడు. డాక్టరు అన్న ప్రతి అంకెకీ మోకాలి మీద వేళ్లు చాపాడు. నాలుగు. ఏడు. రెండు. నేను గట్టిగా చెప్పాను. డాక్టరు శభాష్ అన్నాడు.

బయటికొచ్చాక వాడి భుజం పట్టుకుంటే విదిలించుకున్నాడు. "నువ్వు కిందుండిపోతే ఆ కొండ మీద నాను ఎవుడితో మాటాడతాను బావా? హిందీలో ఏడిస్తే ఏడుపు కూడా రాదు."

టెలిఫోన్ డ్యూటీ మనిషికి రెండు గంటలు. ఫోనంటే ఆకుపచ్చ పెట్టె, పక్కన చిన్న హ్యాండిలు. అవతల ఎవరైనా హ్యాండిలు తిప్పితే ఇక్కడ గంట మోగుతుంది. నా చెవిలో మోతకీ ఆ గంటకీ తేడా తెలిసేది కాదు. మొదటి వారంలో ఊరికే నాలుగైదు సార్లు ఎత్తాను. అవతల ఎవరూ లేరు. సెంట్రీ నవ్వాడు. వంటవాడు నవ్వాడు. సుబేదార్ సాబ్ మాత్రం నవ్వలేదు, "నీకు ఎవరు ఫోన్ చేస్తున్నారు, దేవుడా?" అన్నాడు. భయమేసింది. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. మోత వచ్చిందనిపిస్తే పెట్టె మీద చెయ్యి వేసి చూడటం. గంట నిజంగా మోగితే పెట్టె అదురుతుంది. ఆ నియమంతో నెల నెట్టుకొచ్చాను.

నవంబరులో ఒక రోజు తెల్లవారుజామున అయిదూ నలభైకి అవతలి నుంచి షెల్లింగ్ మొదలైంది. ఆరు గంటలకి ఫోను లైను పోయింది. అది లైన్‌మన్ పని. ఇద్దరు వెళ్లాలని నియమం, కానీ ముగ్గురికి జ్వరాలు, మిగతావాళ్లు ట్రెంచిల్లో ఉన్నారు. వైర్‌లెస్ సెట్టు ఒక్కటే ఉంది, అది సుబేదార్ సాబ్ దగ్గర. లైన్‌మన్ తీగ చుట్ట, పరీక్ష ఫోను భుజాన వేసుకున్నాడు.

"నాలుగొందల గజాలు బావా. అతికేసి ఒకసారి కొడతాను. ఎత్తు."

"ఎత్తుతాన్లే. తల దించుకు ఎల్లు."

ఆరూ పదికి వెళ్లాడు. ఆ వేళ డ్యూటీ నాది, టెలిఫోన్ బంకర్లో నేనొక్కణ్ణే. షెల్లు పడినప్పుడల్లా నేల అదురుతోంది, పైనుంచి మన్ను రాలుతోంది. ఆరున్నరకి చెవిలో గంట. పెట్టె మీద చెయ్యి పెట్టాను. పెట్టె అదురుతోంది. అంతా అదురుతోంది, బల్ల, గోడ, నా పళ్లు కూడా. చెయ్యి ఏం చెబుతుంది? ఇంకా అతికి ఉండడు, నా చెవి మోతే ఇది, అనుకున్నాను. ఎత్తి చూస్తే పోయేదేముంది? ఏమీ లేదు. ఈ ప్రశ్న మీరు అడగక్కర్లేదు, నేనే రోజూ అడుగుతున్నాను. ఊరికే ఎత్తి నవ్వులపాలై, ఆ అలవాటు మానుకున్న చెయ్యి అది. అలాగే ఉండిపోయింది.

ఏడూ ఇరవైకి షెల్లింగ్ సద్దుమణిగింది. సెంట్రీ బంకరు గుమ్మంలోకి తల పెట్టి ఏదో అరిచాడు. దగ్గరికొచ్చి మళ్లీ అన్నాడు. "ఇందాకటి నుంచీ ఫోను మోగుతోంది. ఎత్తవేం?"

ఎత్తాను. నాకేమీ వినబడలేదు. సెంట్రీ చేతికిచ్చాను. అతనికీ ఏమీ వినబడలేదు.

నాలుగు వందల గజాలు పరుగెత్తాం. తీగ చక్కగా అతికి ఉంది, పైన టేపు కూడా చుట్టాడు. షెల్లు ముక్క తొడలో దిగింది. తన తువ్వాలుతో తనే కట్టు కట్టుకున్నాడు. ఒళ్లో ఫోను ఉంది. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ప్రాణం లేదు. పోస్టులో ఉండే నర్సింగ్ అసిస్టెంటు వచ్చి కట్టు విప్పి చూసి, "అరగంట ముందు వచ్చుంటే బతికేవాడు" అన్నాడు. ఆ మాట మాత్రం నాకు స్పష్టంగా వినబడింది.

విచారణలో షెల్లింగ్ చప్పుడుకి గంట వినబడలేదని చెప్పాను. అబద్ధం అనడానికి లేదు. వేళ్ల సంగతి చెప్పలేదు. చెవి మోత సంగతి చెప్పలేదు. నా తప్పేమీ లేదని రాశారు.

తర్వాత నన్ను ఆస్పత్రికి పంపారు. గాజు గదిలో కూర్చోబెట్టి, వినబడితే మీట నొక్కమన్నారు. చాలాసేపు ఏమీ నొక్కలేదు. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ వేసి చూపించింది. చప్పుడు కర్ణభేరిని కదుపుతుంది. అది మూడు చిన్న ఎముకల్ని కదుపుతుంది. లోపల నత్తగుల్లలాంటి గది ఉంది, అందులో నీరు, నీటిలో కంటికి కనబడనంత సన్నటి వెంట్రుకలు. అవి ఊగితేనే వినికిడి. పెద్ద చప్పుళ్లకి అవి పడిపోతాయి.

"గాలివానకి పడిన చేను కొంత లేస్తుంది కదా మేడమ్?" అన్నాను.

"ఇవి లేవవు. మళ్లీ మొలవవు." సన్నటి ధ్వనులు ముందు పోతాయట. గంట, పిట్ట కూత, ఆడవాళ్ల గొంతు, మాటలో స, త, క లాంటివి. లేని ధ్వని చోట మెదడే మోత పుట్టించుకుంటుందట. చెవి మిషను పెట్టి చెప్పింది: "ఇది పోయినదాన్ని తేదు. ఉన్నదాన్ని పెద్దది చేస్తుంది. గాలినీ పెద్దది చేస్తుంది."

మరుసటి ఏడు ఇంటికొచ్చేశాను. ఊళ్లో నాకు దండ వేశారు. మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరుస్తారు, అరుపు మిషన్లోంచి మేకులా దిగుతుంది. మా చిన్నాన్న నా ఎదుటే "సెవిటోడి ముందు శంఖం ఊదినట్టే" అని నవ్వాడు. మిషన్లో అది బాగానే వినబడింది. పోనీ, అతనన్నదాంట్లో తప్పేముంది.

మూడు నెలలకి ధైర్యం తెచ్చుకుని లైన్‌మన్ ఊరు వెళ్లాను. టెక్కలి దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. ఉదయం పది. ఇసుక మీద నెత్తళ్లు, వేలెడంత చేపలు, ఆరబోసి ఉన్నాయి. వాళ్లమ్మ వంగి వాటిని తిరగేస్తోంది. పక్కన అతని భార్య వల దులుపుతోంది. పేరు చెప్పగానే భార్య నా చెవి మిషను చూసి, గొంతు పెంచి మాట్లాడింది. "నువ్వేనా బావవి? నీ గురించే సెప్పీవోడు. కూకో. టీ తాగుతావా?"

వాళ్లమ్మ నా దగ్గరికొచ్చి గట్టిగా అడిగింది. "బాధపడ్డాడా బాబూ? బేగి పోయాడా?"

బేగి పోయాడమ్మా అంటే సరిపోయేది. రెండు మాటలు. నోరు రాలేదు. మొత్తం చెప్పేశాను. గుమ్మం దగ్గర వాడు చాపిన వేళ్లు, నా చెవి మోత, పెట్టె మీద పెట్టిన చెయ్యి. "యాభై నిమిషాలు మోగిందమ్మా. నేనే ఎత్తలేదు."

ఆవిడ ఏడవలేదు. తిరిగి వెళ్లి నెత్తళ్ల దగ్గర వంగింది. పిడికెడు తీసి, తిరగేసి, పరిచింది. తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ కేకేసి చేపలమ్మే మనిషి. అప్పుడు ఏదో అంది, ఆ ఒక్క మాట మాత్రం మెల్లగా. సముద్రం మీద నుంచి గాలి కొట్టింది. మిషన్లో గాలి తప్ప ఏమీ లేదు.

"ఏటమ్మా?" అన్నాను. తల ఎత్తలేదు.

భార్య వైపు తిరిగాను. ఆమె వల వదిలేసి నిలబడి ఉంది. "అమ్మ ఏటన్నాది?"

నా ఎదురుగా వచ్చింది. తర్వాత నాకు వినబడేలా, ఒక్కో మాటా విడిగా అంది. "ఇనపడనేదా? అయితే నాను సెప్పను. ఎల్లిపో బావా."

వెళ్లిపోయాను. మళ్లీ పోలేదు. వాళ్లమ్మ పోయినేడు చనిపోయిందని తెలిసింది. ఇంకెవరిని అడుగుతాను?

బోర్డర్లో ఏం చూశావని మీరంతా అడుగుతారు. బోర్డర్లో చూసినవి చాలా చెరిగిపోయాయి. ఇది చెరగదు. వంగిన తల, గుప్పిట్లో నెత్తళ్లు, కదులుతున్న పెదవులు. ఆ పెదవుల మీద తిట్టు పెట్టి చూశాను, సరిపోయింది. "పోన్లే నాయనా" అని పెట్టి చూశాను, అదీ సరిపోయింది. రోజుకొకటి పెడుతుంటాను.