తగ్గని నొప్పికి సాక్ష్యం

నొప్పి ఉందో లేదో తేల్చవలసినది ఎవరు? దానిని భరిస్తున్నవారా, ఎదుట కూర్చుని చూస్తున్నవారా? భరిస్తున్నవారే అని తొందరపడి జవాబు చెప్పకండి. మా చర్చి సంఘంలో ఎవరిని అడిగినా ఆ మాటే చెప్పేవారు. చెప్పిన నోటితోనే నన్ను అవిశ్వాసిని చేశారు.

మాది కావలి. నాన్న హైస్కూలు ఉపాధ్యాయుడు. అమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. నేను బి.ఏ. రెండో సంవత్సరంలో ఉండగా కింది దవడలో, కుడివైపు, రెండు పళ్ళు పుచ్చిపోయాయి. ఊళ్ళోని పళ్ళ డాక్టరు మా సంఘపు పెద్దల్లో ఒకరు. పీకడం పాతకాలపు పని అని చెప్పి, రెండింటికీ లోహపు తొడుగులు వేశారు. ఇంటికి వచ్చిన ప్రతివారికీ అమ్మ నా చేత నోరు తెరిపించి చూపించింది. కాలేజీ చదువుతో పాటు ఆ తొడుగులు కూడా మా ఇంటి గౌరవంలో చేరిపోయాయి.

నొప్పి మాత్రం తగ్గలేదు. కుండలో నీళ్ళు తాగితే దవడ నుంచి చెవిదాకా సూదితో గుచ్చినట్టుండేది. వేడి కాఫీ తాగితే ఇంకా ఘోరం. ఎడమవైపు నమలడం అలవాటు చేసుకున్నాను. కాలేజీ తరఫున నేను వాదించే చర్చాపోటీలో నోరు తెరిస్తే గాలి తగిలి మాట సగంలో తెగిపోయేది. చెంప మీద చేయి వేసుకుని వాదించే పిల్ల వాదన ఏ న్యాయనిర్ణేతకు బలంగా కనిపిస్తుంది?

నాన్నతో కలిసి మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చూసి, బాగయిందన్నారు. ఎదుటివారు వాడిన మాటకు ముందు అర్థం అడగాలని మాకు కాలేజీలో నేర్పారు. ఏది బాగయిందని అడిగాను.

“తొడుగమ్మా. చూడు, ఎంత బాగా కూర్చోనుండాదో!”

“నేను పన్ను గురించి అడగతా ఉండానండీ.”

“కొత్త చెప్పు కరవదా? నాలుగు రోజులు పోతే అదే అలవాటయితాది.”

“చెప్పయితే విప్పి చేత పట్టుకుంటా డాక్టరుగారూ. దీన్ని మీరే విప్పాల.”

ఆయన నవ్వి, నాన్న వైపు తిరిగి, “మాస్టారూ, మీ అమ్మాయికి పళ్ళ కంటే నాలుక పదునండీ” అన్నారు. నాన్న కూడా నవ్వారు. ఉప్పునీళ్ళు పుక్కిలించమని చెప్పి డాక్టరుగారు మమ్మల్ని పంపేశారు.

ఆ వేసవిలో సంఘమంతా జువ్వలదిన్నె దగ్గర సముద్రపు ఒడ్డున ఉపవాస ప్రార్థనలు పెట్టుకుంది. అమ్మ నా సంగతి పాస్టరుగారికి చెప్పింది. ఆయన నా తల మీద చేయి ఉంచి ప్రార్థించారు. చుట్టూ ఉన్న స్త్రీలు ఏడ్చారు. మరునాడు నొప్పి కొంచెం సన్నగిల్లిన మాట నిజం. అంతకుముందు కూడా అప్పుడప్పుడు అలాగే సన్నగిల్లి, మళ్ళీ వచ్చేది. కాని అమ్మ ఆ ఒక్క రోజునే పట్టుకుని, స్వస్థత కలిగిందని అందరికీ చెప్పేసింది.

మాలో ఒక ఆచారం ఉంది. ప్రార్థన ఫలించినవారు ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాలి. చెప్పగానే సంఘమంతా ఒక స్తుతి కీర్తన అందుకుంటుంది. ఆ ఆదివారం పాస్టరుగారు నా వైపు చూశారు.

“లేసి చెప్పు బిడ్డా, ప్రభువు నీకు చేసిన మేలు.”

డాక్టరుగారు ముందు వరుసలో ఉన్నారు. తగ్గిందంటే ఆయన తొడుగులకూ, అమ్మ మాటకూ, ప్రార్థనకూ ఒకేసారి గౌరవం దక్కుతుంది. ఆ తరువాత నా తొడుగులు విప్పే మనిషి ఈ ఊళ్ళో ఉండడు. నేను లేచాను.

“అయ్యగారూ, నాకోసం అందరూ ప్రార్థన చేసినారు, వందనాలు. నొప్పి తగ్గలేదు. తొడుగులు తీసి లోపల ఏముందో చూడమని డాక్టరుగారిని అడగతా ఉండా.”

కీర్తన అందుకోవలసినవారు నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. తగ్గని నొప్పికి సాక్ష్యం చెబితే ఏ కీర్తన పాడాలో వారికి తెలియదు. వెనక నుంచి ఒక ముసలామె అన్నది:

“కాలేజీకి పంపిస్తే ఇంతే. దేవుడి మీద కూడా డిబేటు పెడతాదీ పిల్ల.”

ఇంటికి వస్తూ అమ్మ దారిపొడుగునా ఏడ్చింది. “తగ్గిందని ఒక్క మాటంటే ఏం పోయేదే నీకు?”

“పళ్ళు పోయేవమ్మా.”

“నీ నోటికి దండం పెడతా. ఇంక మాట్లాడబాక.”

తరువాత ఇంట్లో ఆ ప్రస్తావన నిషేధమయింది. నాకు విశ్వాసం చాలలేదని సంఘం తీర్పు చెప్పింది. మూలిగితే మొండితనమన్నారు, మూలగకపోతే తగ్గిందన్నారు. ఇటువంటి తర్కాన్ని ఏ పోటీలోనూ నేను ఎదుర్కోలేదు. దీనిని చివరికి ఓడించింది వాపు ఒక్కటే. అది వర్షాకాలంలో వచ్చింది. కన్ను సగం మూసుకుపోయాక నాన్న ఎవరితోనూ చెప్పకుండా నన్ను రైల్లో నెల్లూరు తీసుకువెళ్ళారు.

అక్కడి డాక్టరు తొడుగులు కోసి తీశారు. పుచ్చును శుభ్రం చేయకుండానే పైన మూత బిగించారనీ, చీము ఎముకదాకా దిగిందనీ చెప్పారు.

“ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారండీ?” అని నాన్నను అడిగారు.

“తగ్గతాదని చూస్తా ఉండామండీ.”

“ఆ అమ్మాయి చెప్పలేదా?”

రెండు పళ్ళూ పీకేశారు. ఆ పక్క చెంప ఇప్పటికీ కొంచెం లోపలికే ఉంటుంది.

అసలు చేదు దాని తరువాతిది. ఆ మరుసటి ఆదివారం మా ఊరి డాక్టరుగారే, వాపు తగ్గిన నా చెంప చూసి, స్వయంగా లేచి, నాకు నొప్పి నుంచి విడుదల ఇచ్చిన దేవునికి కృతజ్ఞతలు చెప్పారు. సంఘం సంతోషంగా కీర్తన పాడింది. అమ్మ నా మోచేతిని పొడుస్తూనే ఉంది. నేను పెదవి కదపలేదు. నా తగువు దేవునితో కాదు. ఆయన నా నోట్లో తొడుగు వేయలేదు. వేసిన మనిషి ఈనాటికీ, తొడుగు తప్పని కాని, విప్పి చూడకపోవడం తప్పని కాని, ఒక్క మాట అనలేదు. ఆయనను అడిగినవారూ లేరు.

కాబట్టి ఇది చదువుతున్న మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. వైద్యం జరిగిన తరువాత కూడా నొప్పి ఉందని మీ ఇంట్లో ఎవరైనా అంటే, వారికి ఓర్పు నేర్పకండి. ఆ రోజే చెప్పులు వేసుకుని వారి వెంట డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వేసినదాన్ని విప్పి చూడమని వారి తరఫున మీరు అడగండి. ఆయన నవ్వితే మీరు నవ్వకండి. చూడనంటే, ఆ సాయంత్రమే వారిని ఇంకొక ఊరు తీసుకుపోండి.