అక్క పెట్టిన గడువు

పాసయింది. మా అమ్మాయి అన్ని పరీక్షలూ పాసయింది, ఒక్కటి కూడా తప్పలేదు. జర్మనీ దేశంలో, మనకు ముక్క అర్థం కాని భాష మాట్లాడే ఊళ్లో, ఒక సెమిస్టరు చదివి ఈ పొద్దున ఫోన్లో మార్కులు చూపించింది. నా కాలు ఒకచోట నిలవలేదు. దారిలో కనిపించిన ప్రతి ఒక్కరికీ చెప్పాను, పాలు పోసే ఆమెకు రెండుసార్లు చెప్పాను. ఈ మాట అందరికంటే ముందు వినవలసిన మా అక్క చనిపోయి ఇవాళ్టికి యాభై రెండు రోజులు. ఆ సంగతి మా అమ్మాయికి ఇంకా తెలియదు.

నేను ఏడో తరగతి కూడా పూర్తి చేయనివాణ్ణి. రాతలో తప్పులుంటే పెద్ద మనసు చేసుకోండి. అక్క గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు ఊపిరాడేట్టు లేదు.

మాది చండ్రుగొండకు అవతల, అడవి అంచున ఉన్న పల్లె. పెళ్లయిన మూడేళ్లకే బావ పాము కాటుకు పోతే అక్క పుట్టింటికి వచ్చేసింది. పిల్లలు లేరు. నా భార్య పోయేనాటికి మా అమ్మాయికి నాలుగేళ్లు. అప్పటి నుంచి పెంచింది అక్కే. ఎండాకాలం తెల్లవారకముందే బీడీలు చుట్టే తునికాకు కోతకు అడవికి పోయేది. మధ్యాహ్నం వాకిట్లో కూర్చుని ఆకులు పేర్చి కట్టలు కట్టేది. కట్టకు యాభై ఆకులు. మా అమ్మాయి అంకెలు నేర్చుకున్నది ఆ ఆకుల మీదే. ఒక ఆకు తక్కువ పెడితే అక్క కోప్పడేది కాదు. కట్ట విప్పి పిల్ల ఒళ్లో పోసేది. "చేతికి రానిది నోటికి రాదే పిల్లా" అనేది.

నా చదువు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఏడో తరగతి నేను కొత్తగూడెంలో హాస్టల్లో ఉండి చదివాను. మూడు పరీక్షలు అయ్యాయి, ఇంకా మూడు ఉన్నాయి. పొద్దున్నే చూస్తే అక్క గేటు దగ్గర నిలబడి ఉంది. నాన్న పోయాడని చెప్పింది. ఆమె వెంట బస్సెక్కినవాణ్ణి మళ్లీ ఆ గేటు తొక్కలేదు. నేను అరక పట్టుకున్నాను, బతికాను, దాని గురించి పెద్దగా బాధపడింది లేదు. అక్క మాత్రం మరిచిపోలేదు.

మా అమ్మాయి హైదరాబాదులో వ్యవసాయం చదువుతోంది. మట్టి పరీక్షల గురించి ఒక సెమిస్టరు నేర్చుకు రమ్మని జర్మనీ పంపిస్తున్నారని తెలిసిన రోజు అక్క అడిగింది ఒక్కటే, మనకు పొద్దు పొడిస్తే అక్కడ ఎంతవుతుందని. మూడున్నర గంటలు వెనక అని చెప్పింది అమ్మాయి. విమానం ఎక్కిన మరునాటి నుంచి అక్క ఆ టైము ప్రకారం బతకడం మొదలుపెట్టింది. పొద్దున చద్దన్నం పెడితే, అది ఇంకా లేవలేదనేది. మధ్యాహ్నం పెడితే, దానికి ఇంకా అన్నం యాళ్ల కాలేదని కంచం పక్కకు జరిపేది. మా అక్క జర్మనీ టైము మీద తింటుందని నేను ఊరంతా చెప్పి నవ్వించాను. పక్కింటామె రోజూ గోడ మీంచి అడిగేది.

"వదినా, మీ జర్మనీల తెల్లారిందా?"

"ఇప్పుడే మొకం కడుగుతున్న" అనేది అక్క.

వీడియోలో మాట్లాడేటప్పుడు కూడా ఫోన్‌ను చెవికి అదిమి పెట్టుకునేది. అక్కడ అమ్మాయికి చెవీ, చెవి కమ్మా తప్ప ఏమీ కనిపించేవి కావు. మొహం చూపించమని మొత్తుకునేది. "మాట ఇనేది చెవితోనే గదనే, మొకంతో ఏం పని?" అనేది అక్క. ఫోన్ పట్టుకోవడం రాదనుకున్నాను. పీక్కుపోయిన మొహం పిల్లకు కనిపించకూడదని అలా చేసిందని నాకు తర్వాత తెలిసింది. కంచం పక్కకు జరిపింది కూడా ముద్ద దిగకనే. ఆమె పస్తులుంటే నేను దాన్ని కథగా చెప్పుకుని నవ్వాను.

ఒకరోజు పొయ్యి దగ్గరే కళ్లు తిరిగి పడిపోయింది. ఖానాపురం హవేలిలో ఉండే నా బావమరిది ఆటో తెచ్చి ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయాడు. డాక్టరు స్కానింగు చూసి, కడుపులో గడ్డ ఎప్పుడో ముదిరిందని, ఇంటికి తీసుకుపొమ్మని చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అక్క నా చెయ్యి పట్టుకుంది.

"తమ్మీ, దానికి చెప్పకు."

"ఎట్ల చెప్పకుంట ఉంటనక్కా? నువ్వు పెంచిన పిల్ల."

"నేను గేటు కాడికి వచ్చినందుకే నీ సదువు ఆగింది. దాని గేటు కాడికి నా కబురు పోవద్దు. పాసైన మాట వచ్చిందాక ఆగు. వచ్చినరోజు చెప్పు. ఒక్కరోజు గూడ దాటియ్యకు."

తొలకరి పడి, అందరూ పత్తి గింజలు పెట్టే వారంలో పోయింది. పొద్దున పదకొండయింది అప్పుడు. అక్కడ అమ్మాయి నిద్ర లేచి ఉంటుంది.

కర్మ నేనే చేశాను. పదో రోజు గుండు చేయించుకుని, అస్థికలు గోదావరిలో కలిపి వచ్చాను. మరునాడే అమ్మాయి వీడియో చేసింది. గుండు చూసి మొదట గతుక్కుమంది. నీ పరీక్షల కోసం భద్రాచలంలో మొక్కు తీర్చుకున్నానన్నాను. పగలబడి నవ్వింది. స్నేహితురాళ్లను పిలిచి, మా నాన్న నాకోసం గుండు కొట్టించుకున్నాడని చూపించింది. తర్వాత అడిగింది.

"అత్తమ్మ గూడ వచ్చిందా నాన్నా?"

"వచ్చిందమ్మా."

నేనాడిన అన్ని అబద్ధాల మధ్య అదొక్కటి నిజం. అక్క నా ఒళ్లో, చిన్న మట్టికుండలో, భద్రాచలం దాకా వచ్చింది.

ఆ తర్వాత, అక్క చుట్టాల ఊరికి పోయింది, ఆ అడవిలో సిగ్నల్ ఉండదని చెబుతూ వచ్చాను. పోయినవారం అమ్మాయి, మొహం వద్దులే నాన్నా, ఆ చెవన్నా ఒక్కసారి చూపించమంది. నాకే సిగ్నల్ పోయినట్టు ఫోన్ ఆపేశాను. ఈ పొద్దున మార్కులు చూపించి, అత్తమ్మకు నువ్వు చెప్పొద్దు, సాయంత్రం నేనే చెప్తానంది. సరేనన్నాను.

సాయంత్రం ఇంకో గంటలో అవుతుంది. మీరు ఇది చదివేనాటికి అమ్మాయికి అక్క సంగతి చెప్పేసి ఉంటాను. తను నన్ను క్షమిస్తుందో లేదో తెలియదు. నాకు ఆనాడు చదువు పోయింది కానీ మా నాన్న చివరిచూపు దక్కింది. మా అమ్మాయికి చదువు దక్కింది, చివరిచూపు పోయింది. ఈ రెండిట్లో ఏది పెద్దదో పరీక్షల మధ్యలో లేచి వచ్చినవాణ్ణి, నేను చెప్పలేను. అక్క మాత్రం తనకు తెలిసిందే చేసింది. ఆమెకు చెయ్యెత్తి మొక్కుతున్నాను.

పాసైన మాట ఇంకా చెప్పాల్సిన చుట్టాలను కాగితం మీద రాసుకున్నాను.

ఖానాపురం హవేలి బావమరిది. ఆటో నడిపేటప్పుడు ఫోన్ ఎత్తడు, రెండుసార్లు చెయ్యాలి.

కొత్తగూడెం చిన్నమ్మ. వినపడదు, కోడలికి చెప్పి చెప్పించాలి.

సత్తుపల్లిలో అక్క ఆడబిడ్డ. ఇరవై ఏళ్లు మాటల్లేవు, అయినా దినాలకు వచ్చి అంట్లు తోమింది.

జూలూరుపాడు మేనమామ. ఆడపిల్లను అంతదూరం పంపిస్తావా అని అలిగినవాడు. ఆయనకు నేనే పోయి చెప్పాలి.

మా అమ్మాయి. పాసైన సంగతి ఆమెకు తెలుసు.