మోటరు ఎవరిది?

2023 ఎండాకాలం. ముంబై హైవే మీద ఇస్నాపూర్ దాటి సంగారెడ్డి వైపు పోయే దారిలో ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో నేను డయాలసిస్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఆస్పత్రి పేరు చెప్పను. భవనం ప్రభుత్వానిది, కరెంటు ప్రభుత్వానిది. లోపల ఉన్న ఐదు మిషన్లు, వాటిని నడిపే మేము మాత్రం ఒక సంస్థకు చెందినవాళ్లం. లాభాలు పంచుకోకుండా, ప్రభుత్వంతో ఒప్పందం రాసుకుని ఇలాంటి సేవలు నడిపే సంస్థ అది. మీటింగుల్లో దీన్ని సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటారు. మా దగ్గరికి వచ్చేవాళ్లు 'సర్కారు దవాఖాన' అంటారు, అంతే.

డయాలసిస్ అంటే పాడైన కిడ్నీ చేయాల్సిన పనిని మిషన్ చేయడం. మనిషి రక్తం ఒక గొట్టంలోంచి వచ్చి, వడపోత అయ్యి, ఇంకో గొట్టంలోంచి మళ్లీ ఒంట్లోకి వెళుతుంది. నాలుగు గంటలు పడుతుంది. చూసేవాళ్లకు రక్తమే కనిపిస్తుంది కానీ, ఆ నాలుగు గంటలూ మిషన్ తాగేది నీళ్లు. ఒక్క మనిషికి బిందెల కొద్దీ నీళ్లు కావాలి, అదీ మామూలు నీళ్లు పనికిరావు. ఫ్యాక్టరీల రసాయనాలు దిగిన ఈ చుట్టుపక్కల బోరు నీళ్లు ఎలాంటివో ఇక్కడివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అందుకే ఆస్పత్రి వెనక రేకుల షెడ్డులో మాకు ఆర్వో ప్లాంటు ఉంది. ఆస్పత్రి ట్యాంకులోని నీళ్లను ఒక మోటరు ఆర్వోలోకి తోస్తుంది, అక్కడ శుద్ధి అయిన నీళ్లు మా ట్యాంకులో చేరతాయి. ఆ మోటరు ఆగితే ఐదు మిషన్లూ ఆగుతాయి.

ఆ రోజు పొద్దుటి షిఫ్టు ముగుస్తుండగా మోటరు కాలిపోయింది. షెడ్డులోంచి వాసన వార్డు దాకా వచ్చింది.

ముందు ఆస్పత్రి ఆఫీసుకు పరిగెత్తాను. అక్కడ పరిపాలన చూసే డాక్టరు గారిని అందరూ ఆర్ఎంవో సార్ అంటారు. ఆయన చెడ్డమనిషేం కాదు. ఆర్వో ప్లాంటు మీ సంస్థదే కదమ్మా, మీవాళ్లకే చెప్పుకోండి అన్నారు. మా కోఆర్డినేటరుకు ఫోన్ చేశాను. ఆర్వో వరకు నీళ్లు అందించే బాధ్యత ఒప్పందం ప్రకారం ఆస్పత్రిదేనని, మెయిల్ పెట్టానని, జవాబు రాగానే చెబుతానని అతను అన్నాడు. నిజానికి మొదట్లో ఆస్పత్రి మోటరు సరిగ్గా తోయడం లేదని మా సంస్థే కొత్తది కొని తెచ్చి, ఆస్పత్రి కట్టిన దిమ్మె మీద బిగించింది. నడిచినన్నాళ్లూ అది ఎవరిదని ఎవరికీ అనుమానం రాలేదు.

రెండో షిఫ్టు వాళ్లు అప్పటికే బెంచీల మీద కూర్చున్నారు. మా కిడ్నీ డాక్టరు గారికి ఫోన్ చేసి ఒక్కొక్కరి పరిస్థితి చెప్పాను. క్రమం తప్పకుండా వస్తున్నవాళ్లకు రేపటికి ఆగినా ప్రమాదం లేదన్నారు. వాళ్లకు సర్ది చెబుతున్నప్పుడే నర్సింలు వచ్చాడు.

నర్సింలుది హత్నూర మండలం. యాభై దాటిన రైతు. వారానికి మూడుసార్లు మిషన్ ఎక్కాల్సినవాడు, కిందటిసారి రాలేదు. వడ్లు కొనుగోలు కేంద్రంలో కుప్ప పోసి ఉన్నాయి, మబ్బు పట్టింది, పట్టాలు కప్పి కుప్ప దగ్గరే కాపలా పడుకున్నాడు. ఎండకు తట్టుకోలేక కొబ్బరిబోండాం కూడా తాగాడట. డయాలసిస్ మనుషులకు కొబ్బరినీళ్లు విషంతో సమానమని ఎన్నిసార్లు చెప్పానో. అందులో పొటాషియం ఎక్కువ, అది ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోతుంది. ఆటో దిగి వార్డు దాకా నడవడానికే ఆయాసపడుతున్నాడు. పాదాలు ఉబ్బి చెప్పులు చేతిలో పట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది, తిట్టడానికి నోరు తెరిచాను. అతని మొహం చూసి మూసుకున్నాను.

క్యాజువాలిటీలో ఈసీజీ తీశారు. డ్యూటీ డాక్టరు అది చూడగానే ఇంజెక్షన్ తెమ్మన్నాడు. గుండెను కాస్సేపు కాపాడుతుంది గానీ పొటాషియంను బయటికి పంపేది ఇది కాదు సిస్టర్, జల్దీ మిషన్ ఎక్కించండి అన్నాడు. వేరే ఊళ్లోని యూనిట్‌కు ఫోన్ చేస్తే మిషన్లన్నీ నిండి ఉన్నాయి, రాత్రి చివరి షిఫ్టు అయ్యాక చూద్దామన్నారు. అంతసేపు ఆగే మనిషి కాడు ఇతను.

మా ట్యాంకులో అడుగున కొన్ని నీళ్లు మిగిలాయి. ఒక్క మనిషికి, అదీ సగం సేపటికి కూడా చాలవు. బెంచీ మీద నాగేశ్వరరావు గారు ఇంకా కూర్చునే ఉన్నారు. గుడివాడ వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన రిటైర్డ్ మనిషి, మా నాన్నగారిలాగే. ఒక్క నిమిషం ఆలస్యమైనా గోల చేసే రకం. మిగిలిన నీళ్లు తనకు ఇమ్మంటారేమోనని నేను గట్టిగా మాట్లాడటానికి సిద్ధపడ్డాను.

"నా సంగతి రేపు చూద్దువుగానీ, ముందు అతన్ని ఎక్కించమ్మా," అన్నారు. ఆ వెంటనే, రేపు మాత్రం మొదటి షిఫ్టు తనదేనని, కిటికీ పక్క బెడ్డేనని మూడుసార్లు నాచేత ఒప్పించుకుని వెళ్లారు.

మిషన్‌లో నీళ్ల వేగం తగ్గించి నర్సింలును ఎక్కించాను. కూర్చోలేకపోయాను. ట్యాంకు దగ్గరికి, మిషన్ దగ్గరికి, ఫోన్ దగ్గరికి కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కోఆర్డినేటరుకు మళ్లీ చేశాను. మెయిల్‌కు జవాబు రాలేదన్నాడు. ఇక్కడ ఒక మనిషి ఉన్నాడండీ అన్నాను. అర్థమైంది మేడమ్, కానీ మనం ముట్టుకుంటే రేపటినుంచి అది మన మెడకు చుట్టుకుంటుంది అన్నాడు. అతని మాటలో తప్పు పట్టలేను, అదే నాకు ఎక్కువ మంట.

నర్సింలు భార్య పోచమ్మ నా వెనకే తిరుగుతోంది. నేను ఫోన్లో మాట్లాడిందంతా వింది.

"ఏమైంది సిస్టరమ్మా?" అని అడిగింది.

మోటరు కాలిందని చెప్పాను. ఆమె ఇంకా ఏదో పెద్ద విషయం చెబుతానేమోనని కొంచెంసేపు ఎదురుచూసింది.

"గంతేనా?" అంది. "మా బాయి కాడ ఏడాదికి రెండుసార్లు కాలుతది. గుంజి బండిల ఏస్కోని వైండింగ్ షాపుకు పోతం, అయిపాయె. గీడ ఇంత మంది సదువుకున్నోళ్లుండి గట్ల సూస్తున్నరేంది?"

చూస్తున్నది ఎందుకో ఆమెకు చెప్పబోయాను. ఒప్పందం, బాధ్యత, మెయిల్. నా మాట నాకే సిగ్గుగా అనిపించి మధ్యలో ఆపేశాను.

నీళ్లు అడుగంటడంతో నర్సింలును మిషన్ దింపాను. మళ్లీ ఈసీజీ తీస్తే కొంచెం నయమే కానీ ఈ నయం సాయంత్రం దాకా నిలవదని డ్యూటీ డాక్టరు చెప్పాడు. అతన్ని క్యాజువాలిటీలో పడుకోబెట్టి బయటికి వస్తే షెడ్డులోంచి పానా చప్పుడు వినిపించింది. పోచమ్మ తమ్ముడు మల్లేశ్, ఇస్నాపూర్‌లో ట్రాలీ ఆటో నడుపుతాడు, అక్క ఫోన్ చేస్తే సామాన్లతో వచ్చేశాడు. మోకాళ్ల మీద కూర్చుని దిమ్మె బోల్టులు విప్పుతున్నాడు. పోచమ్మ పక్కన పైపు పట్టుకుని ఉంది.

నేను వాళ్లను ఆపాలి. నా ఉద్యోగం ప్రకారం నేను చేయాల్సిన పని అదే. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "ముందు మెయిన్ బంద్ చేశారా?" అన్న మాట.

చేశామన్నాడు మల్లేశ్.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. సర్కారు సామాను బయటికి పోవాలంటే చిట్టీ ఉండాలన్నాడు, అతని డ్యూటీ అతనిది. గొడవ విని ఆర్ఎంవో సార్ కూడా వచ్చారు. ట్రాలీలో మోటరు, దాని మీద చేయి వేసి పోచమ్మ. అమ్మా, ఇది ఎవరి మోటరో ఇంకా తేలలేదు, ఇట్లా తీసుకుపోతే రేపు నేను జవాబు చెప్పాలి అన్నారాయన.

పోచమ్మ గొంతు పెంచలేదు. "మోటరు ఎవలిదో మీరు నిమ్మలంగ తేల్చుకోండ్రి సారూ. లోపల పండుకున్న మనిషి మాత్రం నావోడు. ఆయన ఎవలోడని నేను ఎవలనీ అడిగే పని లేదు."

ఆర్ఎంవో సార్ నా వైపు చూశారు.

"నేనే పంపిస్తున్నా సార్. నా పేరు రాసుకోండి," అన్నాను.

ఆయన అవుననలేదు, కాదనలేదు. జేబులోంచి ఫోన్ తీసి చూసుకుంటూ ఓపీ వైపు నడిచారు. దాన్నే అనుమతి అనుకుని సెక్యూరిటీ గొలుసు దించాడు. ఇప్పటికీ ఆ మనిషి మీద నాకు కోపమూ ఉంది, కృతజ్ఞతా ఉంది.

వైండింగ్ షాపులో రాగితీగ కొత్తగా చుట్టాలంటే మర్నాటి దాకా పడుతుంది. ఆ సంగతి తలుచుకుంటే నాకు భయంగానే ఉంది. కానీ మన దగ్గర వైండింగ్ షాపులకు ఒక పద్ధతి ఉంది. కంకి వేయబోతూ పొట్ట మీదున్న వరి ఒక్కరోజు ఎండినా రైతు మునుగుతాడు కాబట్టి, కాలిన మోటరు దగ్గర పెట్టుకుని, అది తయారయ్యేదాకా వాడుకోమని స్పేరు మోటరు ఇచ్చి పంపుతారు. మల్లేశ్ ట్రాలీ తిరిగి వచ్చినప్పుడు దాని మీద మట్టి మరకలున్న స్పేరు మోటరు ఒకటి ఉంది. ఏ పొలంలోంచి వచ్చిందో, నీళ్లు మాత్రం బాగా తోసింది. మొదట వచ్చిన నీళ్లు వదిలేసి, పరీక్ష చేసి, అన్నీ సరిగ్గా ఉన్నాయని నమ్మకం కుదిరాక నర్సింలు చేతికి మళ్లీ సూదులు గుచ్చాను. ఒకే రోజు రెండుసార్లు గుచ్చితే నొప్పి ఎక్కువ. అతనే చేయి ముందుకు చాపాడు. పొద్దుగూకేసరికి అతని ఊపిరి సాఫీగా వస్తోంది. పోచమ్మ గోడకు ఆనుకుని నిద్రపోయింది. నేను బాత్రూములోకి వెళ్లి కుళాయి విప్పి ఏడ్చాను. ఎందుకో అడిగితే సరిగ్గా చెప్పలేను.

వారం తిరక్కముందే నాకు రెండు మెమోలు వచ్చాయి. ప్రభుత్వ ఆస్తిని అనుమతి లేకుండా బయటికి ఎందుకు పంపారని ఆస్పత్రి అడిగింది. సంస్థ పరికరాన్ని బయటి మెకానిక్ చేతికి ఎందుకిచ్చారని మా సంస్థ అడిగింది. ఆ రోజంతా ఒక్క యజమాని దొరకని మోటరుకు ఇప్పుడు ఇద్దరు దొరికారు. రెండింట్లోనూ రోగి ఎలా ఉన్నాడన్న ప్రశ్న లేదు.

మా సంస్థను నేను తక్కువ చేసి మాట్లాడను. మేము రాకముందు ఈ మండలాలవాళ్లు డయాలసిస్‌కు హైదరాబాద్ పోయేవాళ్లు, పోలేనివాళ్లు ఇంట్లోనే పోయేవాళ్లు. ప్రభుత్వం ఒక్కటే చేయలేని పని మేము చేశాం, ప్రభుత్వం లేకుండా మేమూ చేయగలిగేవాళ్లం కాదు. కానీ ఇద్దరు కలిసి ఒక పని పంచుకున్నప్పుడు, ఎవరి వంతుకూ రాని జాగా ఒకటి మధ్యలో మిగిలిపోతుంది. మనిషి పడిపోయేది అక్కడే. ఆ జాగాలో నిలబడటానికి ఎవరికీ జీతం ఇవ్వరు.

తర్వాతి ఏడాది ఒప్పందం గడువు ముగిసింది. కొత్త సంస్థ వస్తుందని కొందరు, మేమే ఉంటామని కొందరు. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నాకే తెలియదు. ఆ మాట వార్డులో పాకింది. మిషన్ మీదున్న నర్సింలు నన్ను దగ్గరికి పిలిచాడు.

"బోర్డు ఎవలిదన్న పెట్టుకోండ్రి సిస్టరమ్మా. మంగళారం నాకు మిషన్ ఉంటదా?"

ఆ హామీ ఇచ్చే అధికారం ప్రభుత్వం నాకివ్వలేదు, మా సంస్థా ఇవ్వలేదు.

"ఉంటుంది నర్సింలన్నా," అన్నాను. ఎవరూ అప్పగించకపోయినా కొన్ని మాటలు ఎవరో ఒకరు ఇవ్వాల్సి ఉంటుందని, ఇచ్చాక మంగళవారం దాకా నిద్ర పట్టదని ఆ మోటరు నాకు నేర్పింది.