మూలలో పలుగురాయి

మా అత్తగారు నాకు నేర్పిన విద్య ఒక్కటే, అరిగిపోయిన సమాధిరాయిని చదవడం. రాయికి ఎదురుగా నిలబడి కళ్లు చికిలించుకుంటే ఏమీ కనపడదు. అద్దం ఒకటి పట్టుకుని, ఎండని పక్కనుంచి ఏటవాలుగా రాయి మీదికి కొట్టాలి. అప్పుడు రెండువందల ఏళ్లనాటి గీతల్లో నీడలు నిండి, నున్నగా ఉన్న రాయి మీద పేర్లు తేలతాయి. అద్దం పట్టుకునేది నేను, చదివేది ఆవిడ.

డెబ్బైల చివర్లో మాట. యూనివర్సిటీలో పరిచయమైన అమెరికన్ అబ్బాయిని పెళ్లి చేసుకుని నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్ దగ్గర కాపురం పెట్టాను. అప్పట్లో అక్కడ పొలాలూ పైన్ చెట్లే తప్ప తెలుగు మాట వినపడేది కాదు. మా అత్తగారి ఊరు పడమటికి రెండు గంటల డ్రైవు. వాళ్లది స్కాట్స్-ఐరిష్ వంశం. స్కాట్లండు నుంచి ఐర్లండు ఉత్తరానికీ, అక్కడినుంచి ఓడలో పెన్సిల్వేనియాకీ, ఆపైన ఎడ్లబండ్ల మీద కరోలినాకీ దిగిన జనం. ఓడ దిగిన మొదటి మనిషి సమాధి ఎక్కడుందో పట్టుకోవాలని ఆవిడ పంతం. పొలాల మధ్య పాడుబడ్డ శ్మశానాలన్నీ గాలించేది. మామగారు పోయాక ఆవిడకి తోడెవరూ లేరు. నేను దొరికాను.

తనని పేరు పెట్టి పిలవమంది. అత్తగారిని పేరు పెట్టి పిలిచానని తెలిస్తే మా అమ్మ సముద్రం దాటి వచ్చి మరీ చెంప వాయిస్తుంది. అందుకని ‘మదర్’ అనేదాన్ని. ఆవిడ నన్ను ‘హనీ’ అనేది. నా పేరుకి ఆవిడ నోరు తిరగదని అప్పుడు అనుకున్నాను. వేము తీపూ అత్త మంచీ లేవంటారు మనవాళ్లు. నాకు మాత్రం తీపి వేమే దొరికిందని మా అమ్మకి ఉత్తరాల్లో గొప్పలు రాశాను.

నిజం చెప్పొద్దూ, ఆ పని నాకు నచ్చింది. తద్దినంనాడు మా నాన్న మూడు తరాల పేర్లు చెప్పి పిండం పెట్టడం చూస్తూ పెరిగినదాన్ని. ఈవిడ ఏడు తరాల వరకూ గడగడా చెప్పేది. రాయి మీద కాగితం కప్పి నల్లటి మైనం ముద్దతో రుద్దుతుంటే, తెల్ల కాగితం మీదికి ఎవరి పేరో నెమ్మదిగా వచ్చేది. ‘ఫలానావాడి భార్య’, ‘ఫలానా దంపతుల కొడుకు’. ఆ కాగితాలు చుట్టి నా ఒళ్లో పెట్టుకుని, కార్లో ఇద్దరం సాండ్‌విచ్‌లు తింటూ ఇంటికొచ్చేవాళ్లం.

పెళ్లయిన రెండో ఏడు నాకు కొడుకు పుట్టాడు. గుండెలో లోపంతో పుట్టాడు. పేరేం రాయమంటారని హాస్పిటల్‌వాళ్లు అడిగితే, మాలో ఇరవై ఒకటో రోజున బారసాల చేసి పెడతాం, అప్పుడు చెబుతానన్నాను. బారసాల దాకా వాడు ఉండలేదు.

మాలో పసిబిడ్డల్ని దహనం చెయ్యరు, పూడుస్తారు. ఆ మాట మా ఆయనే వాళ్లమ్మకి చెప్పాడు. ఆవిడ వచ్చి నన్ను గట్టిగా పట్టుకుని, “మా చర్చి శ్మశానంలో మనవాళ్ల పక్కనే పెడదాం, హనీ,” అంది. ఆ క్షణాన ఆవిడ కాళ్లకి దండం పెట్టాలనిపించింది.

ఆ శ్మశానంలో ఈశాన్యం మూల చంటిపిల్లలకి. అక్షరాలు చెక్కిన రాళ్లు అక్కడ ఒకటో రెండో. మిగతావాళ్లకి వాగులోంచో పొలంలోంచో తెచ్చి నాటిన మామూలు రాళ్లు. నేనూ వాగులోకి దిగి ఒక పలుగురాయి ఏరుకొచ్చాను. తెల్లటిది, మధ్యలో ఇటుకరంగు చార. దాన్ని మావాడి తల దగ్గర పెట్టాను.

చెక్కిన రాయి వేయిస్తానని ఆవిడే అంది. “మావైపు ఇలా రాయి వేసే అలవాటు లేదు, మదర్. కానీ వేద్దాం,” అన్నాను నేను. “ముందు గ్రౌండ్ సెటిల్ అవ్వాలి. తొందరపడితే రాయి ఒరిగిపోతుంది,” అంది. అది నిజమే, అక్కడి పద్ధతే అంత. ఏడాది ఆగాను. ఆ తరువాత ఏమని రాయించాలో నాకే తోచలేదు. పేరు లేదుగా.

ఆ దారి నాకు రాళ్లే చూపించాయి. ఒక వసంతంలో ఆ మూలలోనే, నాచు పట్టిన చిన్న పలక మీదికి అద్దంతో ఎండ కొడుతుంటే, ఆవిడకంటే ముందు నేనే చదివాను. ‘శిశువు. ఫలానా తండ్రికీ అతని భార్య ఫలానా తల్లికీ కొడుకు.’ పేరు లేని బిడ్డ! అయినా రాయి ఉంది, తల్లీతండ్రీ ఉన్నారు. అద్దం గడ్డిలో పడేసి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. “ఇలాగే, మదర్! మావాడికీ ఇలాగే!” ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. “తప్పకుండా, హనీ” అంటూ కౌగిలించుకుంది.

దానికోసం నేను ఇంకా ఒళ్లు వంచి పనిచేశాను. ఆ మూలలో అక్షరం లేని రాళ్లు ఎవరి బిడ్డలవో, పక్కనున్న తల్లుల రాళ్లు చదివి, ముసలాళ్లని అడిగి, ఒక్కొక్కటే పోల్చుకున్నాం. మొదటి మనిషి సమాధి కూడా దొరికింది. ఆ చర్చి శ్మశానం అంచునే, ముళ్లపొదల్లో బోర్లా పడున్న రాయిని ఆవిడా నేనూ కడ్డీతో ఎత్తాం. ఆ రోజు ఆవిడ నా చెంపలు పట్టుకుని, “నువ్వు లేకపోతే వీడు నాకు దొరికేవాడు కాదు,” అంది.

ఎనభైల నడుమ ఒక మే నెలలో వంశంవాళ్లందరూ కలిశారు. ఏటా వాళ్లు అలా శ్మశానానికి వచ్చి, సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, చెట్లకింద బల్లలు వేసుకుని భోంచేస్తారు. నేను పులిహోర కలిపి తీసుకెళ్లాను. వాళ్లు దాన్ని ఎల్లో రైస్ అంటారు, గిన్నె మాత్రం ఖాళీ చేస్తారు. ఆ ఏడు పిల్లల మూల దగ్గర దుప్పటి కప్పిన కొత్త గ్రానైట్ రాయి నిలబడి ఉంది. నాకు చెప్పకుండా చేయించిందే, ఆశ్చర్యపరుద్దామనేమో అనుకున్నాను. అంత పిచ్చిదాన్ని.

దుప్పటి తీశారు. శిశువు, ఫలానావారి కొడుకు. శిశువు, ఫలానావారి కూతురు. అన్నీ నేను అద్దం పట్టి వెతికినవే. పైనుంచి కిందికి చదివాను, మళ్లీ చదివాను. మావాడు లేడు.

మూలకేసి చూశాను. రాళ్లు లేవు. గడ్డి కోసే మిషన్‌కి అడ్డం వస్తున్నాయని చలికాలంలోనే పీకేసి, చదును చేసి, గడ్డి వేశారట. పేర్లు గ్రానైట్ మీదికి ఎక్కాయి కాబట్టి వాళ్లెవరికీ బెంగ లేదు. చచ్చిపోయిన నా బిడ్డని రెండోసారి పూడ్చారు, ఈసారి నాకు చెప్పకుండా.

“మావాడేడి, మదర్?” అన్నాను, అందరిముందూ.

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. “మీలో రాళ్లు వేసే అలవాటు లేదని నువ్వే అన్నావు కదా, హనీ? నీకు ఇబ్బందేమోనని.”

నేనన్న మాటతోనే నా నోరు మూసింది. నేను మా ఆయన వైపు చూశాను. అతను చేతిలో ప్లేటులోకి చూస్తున్నాడు. కారు దగ్గరికి లాక్కెళ్లి అడిగాను.

“క్రిస్మస్‌కే చెప్పింది అమ్మ. నువ్వు అప్‌సెట్ అవుతావని నేనే...” అన్నాడు.

“ఎందుకు రాయలేదు? వాడికి పేరు లేదనా? ఆ రాయి మీద ఎవరికుంది పేరు?”

ప్లేటు కారు మీద పెట్టాడు. “వాడి పేరు గురించి కాదు. తల్లీతండ్రుల పేర్లు రాయాలి కదా. నీ పేరు అక్కడ... ఐర్లండు నుంచి చుట్టాలు వస్తారు, వందేళ్ల తరవాత ఎవరో చదువుతారు, ఇదెక్కడి పేరు అంటారని అమ్మ అంది.”

“నువ్వేమన్నావు?”

“ఏమనలేదు.”

ఆవిడ చేసింది నమ్మించి గొంతు కొయ్యడం. కడుపులో లేనిది కౌగిలించుకుంటే వస్తుందా అంటారు, ఆ మాట నాకు ముందే తెలిసుండాలి. కానీ ఇతను ఆ బిడ్డకి తండ్రి. శీతాకాలమంతా నా పక్కన పడుకుని, నేను చేసిన వంట తిని, మావాడి తల మీది రాయి పీకారని తెలిసి ఊరుకున్నాడు. అందరికంటే ఎక్కువ కోపం నాకు ఇతని మీదే వచ్చింది, ఇవాళ్టికీ పోలేదు.

పీకిన రాళ్లు ప్రహరీ వెనక కుప్పగా పోసి ఉన్నాయి. పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టాను. చేతులు గీసుకుపోయాయి. ఇటుకరంగు చార కనపడగానే అక్కడే కూలబడి ఏడ్చాను.

రాయి తీసుకుని మూలకి వచ్చేసరికి ఆవిడ పిలుస్తోంది. టెన్నెసీ నుంచి వచ్చిన కజిన్‌కి మొదటి మనిషి రాయి చూపించాలట. “హనీ, కాస్త అద్దం పట్టుకుంటావా? నీకు చేసినట్టు ఎవరికీ రాదు.”

వెళ్లి అద్దం తీసుకున్నాను. ఆవిడ చూపించమన్న రాయికేసి మాత్రం నేను వెళ్లలేదు. మూలకొచ్చి గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని, వాలుతున్న ఎండని పట్టి నేల మీదికి ఏటవాలుగా కొట్టాను. ఎక్కడన్నా చిన్న పల్లం, చిన్న గుంట, వాడు పట్టేంత నీడ కనపడుతుందేమోనని ఆ చివరినుంచి ఈ చివరిదాకా వెలుగు తిప్పాను. గ్రౌండ్ బాగా సెటిల్ అయింది. గడ్డి సమంగా, పచ్చగా ఉంది.

అద్దం ఆవిడ చేతికిచ్చేసి, పలుగురాయి ఒళ్లో పెట్టుకుని వెళ్లి కార్లో కూర్చున్నాను. ఆ కాపురం తరవాత ఎక్కువకాలం నిలవలేదు. రాయి నా దగ్గరే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.