అన్న బూట్లతో కర్రసాము

మా ఇంట్లో నా చిన్నప్పుడు ఒకే ఒక జత బూట్లు ఉండేవి. అవి మా అన్నవి. అన్న బిట్రగుంటలో బడికి పోయేవాడు. డ్రిల్లుకు తెల్ల కాన్వాసు బూట్లు ఉండి తీరాలన్నారని మా నాయన కొనిపెట్టాడు. వేసవి సెలవులు రాగానే అవి దూలం మీదికి ఎక్కేవి. మిగిలిన వాళ్ళం పొలానికైనా సముద్రం ఒడ్డుకైనా వట్టి కాళ్ళతోనే పోయేవాళ్ళం.

మా తాత ఊళ్ళో పిల్లలకు కర్రసాము నేర్పేవాడు. సరుగుడు చెట్ల సర్వి తోట పక్కన కొంత చోటు చదును చేసి, ఇసుకలో ఎర్రమన్ను కలిపి పరిపించాడు. దాన్ని గరిడీ అనేవాళ్ళం. గరిడీలోకి చెప్పులతో ఎవరూ రాకూడదు. ఆడపిల్లలు అసలే రాకూడదు. రెండో మాట తాత ఎన్నడూ నోటితో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మేకల్ని తోటలో వదిలి, చెట్ల నీడన కూర్చుని వాళ్ళ సాధన చూసేదాన్ని. కర్ర తిరిగేటప్పుడు గాలిలో ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు నా చేతుల్లోంచి రావాలని ఉండేది. అంతకు మించి కారణం ఇప్పుడు వెతికినా దొరకదు.

సాయంత్రం పాఠానికి ముందు తాత గరిడీ చుట్టూ ఒకసారి నడిచేవాడు. ముందురోజు పడిన అడుగుల గుర్తులు చూసి, ఎవరు మడమ మీద బరువు వేశారో, ఎవరు భయపడి వెనక్కి జరిగారో చెప్పేవాడు. ఆ తర్వాతే ఊడ్చి నీళ్ళు చల్లించేవాడు. నేను దొంగతనంగా సాధన చేస్తే నా చిన్న పాదాలు పట్టిస్తాయని నాకు తెలుసు. అందుకే ఆ వేసవిలో దూలం మీది బూట్లు దించాను. ముందు భాగంలో పాత గుడ్డ పీలికలు కుక్కి, నడి మధ్యాహ్నం, ఊరంతా కునుకు తీసే వేళకు, నరికి పడేసిన సర్వి కొమ్మ ఒకటి పట్టుకుని గరిడీలోకి దిగాను. బూటు గుర్తులు ఎవరివంటే అన్నవే అనుకుంటారు గదా.

అనుకున్నట్టే అయింది. ఒక సాయంత్రం తాత గుర్తుల దగ్గర ఆగి అన్నను పిలిచాడు.

"ఏరా, మధ్యాన్నం పూట గూడా చేస్తుండావా?"

అన్న ఒక్క క్షణం నా వైపు చూశాడు. "అవును తాతా."

"బూట్లెందుకురా?"

"ఎండ తాతా. కాళ్ళు కాలిపోతుండాయి."

మిగతా పిల్లలు నవ్వారు. "దొరగారు బూట్లేసుకోని సాము చేస్తాడంట," అన్నాడు ఒకడు. తాత నవ్వలేదు, కోప్పడలేదు. మధ్యాహ్నం కూడా చేయడం బాగుంది అన్నాడు అంతే. ఆ మెప్పు పోగొట్టుకోవడం ఇష్టం లేక అన్న నా సంగతి బయటపెట్టలేదు. ఇద్దరం ఒకరికొకరం కట్టుబడిపోయాం.

అలా నెలన్నర గడిచింది. పాఠంలో మొదటి పన్నెండు అడుగులూ నాకు వచ్చేశాయని నమ్మాను. పట్టుబడితే ఆ తోట వైపుకే రానివ్వరని మాత్రం లోపల భయం ఉండేది.

ఒక మధ్యాహ్నం పన్నెండు అడుగులూ పూర్తిచేసి ఆయాసపడుతూ నిలబడ్డాను. సర్వి చెట్ల వెనక నుంచి తాత లేచి వచ్చాడు. మొదటి నుంచీ అక్కడే కూర్చుని ఉన్నాడు.

"కాలెత్తుమే," అన్నాడు.

ఎత్తాను. బూటు అడుగున రబ్బరు నిండా పల్లేరుకాయలు గుచ్చుకుని ఉన్నాయి. రెండో కాలూ అంతే.

"ఇయ్యేంది?"

"పల్లేరుకాయలు తాతా."

"ఎప్పుడు తొక్కినావు?"

"తెలీదు తాతా."

"పొద్దున్నే గరిడీ అంతా చల్లి, పైన పలచంగా ఇసక కప్పినా. మీ అన్నయితే వట్టి కాళ్ళతో మొదటి అడుక్కే కుయ్యోమని ఊరంతా లేపేవాడు. నువ్వు పన్నెండు అడుగులూ ముళ్ళ మీదనే ఆడినావు. నీ కాలికి కింద ఏముందో కబురే లేదు."

కర్ర పెరుక్కుంటాడనుకున్నాను. తాత వెంట తెచ్చుకున్న గంపలోంచి చీపురు తీశాడు. ఇద్దరం వంగి, ఆ ఎండలో, ముళ్ళన్నీ ఊడ్చి ఏరాం. కుండలో నీళ్ళు తెచ్చి చల్లాడు. బూట్లు విప్పి పక్కన పెట్టమన్నాడు.

"ఇప్పుడు చెయ్."

మొదటి అడుగు వేశాను. రెండోదానికే తూలాను. మూడో అడుగుకు చతికిలబడ్డాను. వదులు బూటు ఊడిపోకుండా నెలన్నరపాటు కాలు ఎత్తెత్తి వేయడం అలవాటు చేసుకున్నాను. మట్టి మీద పాదాన్ని జార్చి ముందుకు పోవాలని నాకు తెలియనే తెలియదు. తాత కర్ర చివరతో నా కాలివేళ్ళను ఒక్కొక్కటే తట్టాడు. అన్నీ కిందికి ముడుచుకుని బిగుసుకుని ఉన్నాయి.

"ఈ వేళ్ళు దేన్ని పట్టుకోని ఉండాయిమే?"

చూసుకున్నాను. బూటును పట్టుకుని ఉన్నాయి. బూటు కాలికి లేదు, వేళ్ళు మాత్రం ఇంకా వదల్లేదు.

"సాయంత్రం అందరితోపాటు రా," అన్నాడు తాత. "ఈ నెలన్నర నేర్చుకుంది మర్చిపో. ఒకటో అడుగు నుంచి చెయ్యి."

నాకు కావలసింది దొరికింది. అయినా అక్కడే నిలబడి ఏడ్చాను. పట్టుబడినందుకు కాదు, రానిచ్చినందుకూ కాదు. ఆ పన్నెండు అడుగులూ పోయినందుకు. తాత ఓదార్చలేదు. బూట్లలోంచి ముళ్ళు ఒక్కొక్కటే పీకి, దులిపి, నా చేతికిచ్చి ఇంటికి నడిచాడు.

సాయంత్రం అన్నను కూడా నా పక్కనే నిలబెట్టి, "నువ్వు గూడా ఒకటో అడుగేరా. మధ్యాన్నం చేసింది నువ్వు గాదంట గదా," అన్నాడు. పిల్లలు పొట్టలు పట్టుకున్నారు. అన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు.

తర్వాత అన్న పోలీసు ఉద్యోగంలో చేరి, లాఠీ తిప్పడం బూట్లతోనే నేర్చుకున్నాడు. తాతకు భయపడుతూ చెబితే, బూట్లతో నిలబడాల్సినోడు బూట్లతోనే నేర్చుకోవాలని తాత తేల్చేశాడు. కావలిలో కరాటే నేర్చుకుంటున్న మా మనవరాలు, వాళ్ళ మాస్టరు వట్టి కాళ్ళతో చేయమంటాడని, వీధి చివర ఇంకో మాస్టరు బూట్లు వేయిస్తాడని, ఏది మంచిదని నన్ను అడుగుతుంది. నీ కాలికి సరిపోయేది వేసుకో, ఎవరికీ దాచకుండా నేర్చుకో అంటాను. అది సమాధానం కాదంటుంది.

నేను గరిడీలో మూడేళ్ళు నేర్చుకున్నాను. ఆ అడుగుల్లో సగం ఇప్పుడు గుర్తు లేవు. అరవై దాటాక అక్షరాలు నేర్చుకోవడానికి పోయిన మొదటి రోజు, నాకు సంతకం వచ్చునని పంతులమ్మకు గర్వంగా చేసి చూపించాను. అంతకు ముందు చాలా ఏళ్ళుగా దాన్ని బొమ్మలాగా గీస్తున్నాను. ముందు గుండ్రాలన్నీ చుట్టి, చివర తలకట్లు పెట్టేదాన్ని. ఆమె చూసి, "అది పక్కన పెట్టేయమ్మా, అ నుంచి మొదలుపెడదాం," అంది. నాతో వచ్చిన ఆవిడ అదే మాటకు చిన్నబుచ్చుకుని మర్నాటి నుంచి మానేసింది. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అబద్ధమెందుకు. పైట చెంగుతో పలక తుడిచి, అ ఎక్కడ మొదలవుతుందో వేలు పెట్టి చూపించమన్నాను.